‘తర్వాత చూద్దాంలే’ అంటే మాఫీయా, వాయిదానా?

"దుకాణం మూసి ఉంది, ఈ నెల కిరాయి ఇవ్వలేను" అని అద్దెదారు ఫోన్ చేస్తాడు. "సరే, తర్వాత చూద్దాంలే" అంటాడు యజమాని. 2020 ఏప్రిల్‌లో ఇలాంటి మాటలు నడవని వీధి ఉండి ఉండదు. ఆ ఒక్క మాట ఇద్దరికీ రెండు రకాలుగా వినిపించింది. ఆ నెల అద్దె పోయిందని అద్దెదారు అనుకున్నాడు. ఆ నెల అద్దె ఆలస్యంగా వస్తుందని యజమాని అనుకున్నాడు. దుకాణం మళ్లీ తెరిచి, వ్యాపారం కాస్త కోలుకుని, పాత బాకీ ప్రస్తావనకు వచ్చినప్పుడు గానీ ఈ తేడా బయటపడలేదు.

కరోనా కాలంలో కేంద్రం, రాష్ట్రాలు, రిజర్వు బ్యాంకు, సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులను ఒకచోట పెట్టి చదివినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఇచ్చింది మాఫీయా, వాయిదానా? మన దేశంలో జవాబు దాదాపు ప్రతిసారీ ‘వాయిదా’యే. అద్దెకిచ్చిన ఇల్లో, చిన్న దుకాణమో ఉన్న కుటుంబాలు మన సిబ్బందిలోనూ చాలా ఉన్నాయి కనుక, ఆ ఉత్తర్వులను ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

బోద్రీలో ఒక ఇల్లు, ఒక దుకాణం

బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే దారిలో బోద్రీ ఉంది. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది అక్కడే. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగువాళ్లు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన ఊరు. 1931లో రాయ్‌పూర్-విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. అక్కడి తెలుగు ఇళ్లలో ‘అద్దె’ కంటే ‘కిరాయి’ అన్న మాటే ముందు నోటికి వస్తుంది.

మన సిబ్బందిలో ఒకరి తండ్రి రైల్వేలో గార్డుగా రిటైరై, బోద్రీలో ఇల్లు కట్టుకున్నారనుకుందాం. ఇది కల్పిత ఉదాహరణ మాత్రమే. ఇంటి మీద పది లక్షల అప్పు ఉంది. 9 శాతం వడ్డీ, పదేళ్ల గడువు, నెల వాయిదా రూ.12,668. కింది గదిని జిరాక్స్, టైపింగ్ షాపుకు నెలకు రూ.12,000కు ఇచ్చారు. అంటే అద్దె ఇటు నుంచి వచ్చి అటు వాయిదాకు పోతుంది. షాపు నడిపే స్థానిక కుర్రాడు ఆయన్ను ‘అంకుల్‌జీ’ అని పిలుస్తాడు. అతనికి వకీళ్లు, గుమాస్తాలు, కక్షిదారులే ఖాతాదారులు. అతనికీ ముద్ర రుణం ఉంది, ఇంకా మూడు లక్షలు బాకీ.

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. కోర్టుల్లో మామూలు విచారణలు ఆగి, అత్యవసరమైనవి వీడియోలోకి మారాయి. ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. మే 12 నుంచి ఢిల్లీ కేంద్రంగా పదిహేను జతల ప్రత్యేక రైళ్లు మొదలైనప్పుడు వాటిలో బిలాస్‌పూర్ రైలు ఉంది, సికింద్రాబాద్ రైలూ ఉంది. అయితే రైలు నడిచినంత మాత్రాన జిరాక్స్ షాపుకు గిరాకీ రాదు గదా! ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆరు నెలల అద్దె, రూ.72,000, ఆగిపోయిందనుకుందాం. యజమాని ‘తర్వాత చూద్దాంలే’ అన్నారు.

అద్దె గురించి ప్రభుత్వాలు ఏమన్నాయి

మొదటి మాట కేంద్ర హోం శాఖది. విపత్తు నిర్వహణ చట్టం 2005 కింద 2020 మార్చి 29న ఇచ్చిన ఉత్తర్వులో, వలస కార్మికులతో సహా అద్దెకుండే కార్మికులను ఒక నెలపాటు అద్దె అడగవద్దని, కార్మికులను, విద్యార్థులను బలవంతంగా ఖాళీ చేయించే యజమానులపై చర్య తీసుకోవాలని ఉంది. ఈ ఉత్తర్వును చాలామంది ‘మోదీ గారు అద్దె మాఫీ చేశారు’ అని చెప్పుకున్నారు. చదివితే అలా లేదు. అది కార్మికులకు, ఒక నెలకు సంబంధించినది. అడగవద్దని ఉంది గానీ బాకీ రద్దయిందని లేదు. మన జిరాక్స్ షాపు కుర్రాడు అందులోకి రాడు.

తెలంగాణ ప్రభుత్వం మరికొంత ముందుకు వెళ్లింది. 2020 ఏప్రిల్ 23న పురపాలక శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మార్చి మొదలు మూడు నెలల ఇంటి అద్దెల వసూలును యజమానులు వాయిదా వేయాలి, ఆ తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలి. ‘వాయిదా’ అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. హైదరాబాద్‌లో ఉన్న బంధువులు ఫోన్లో చెప్పిన దాన్ని బట్టి బిలాస్‌పూర్‌లో అద్దె ఆపుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ ఒక రాష్ట్ర ఉత్తర్వు మరో రాష్ట్రంలో చెల్లదు.

ప్రత్యేక ఉత్తర్వు వర్తించని చోట పాత చట్టాలే దిక్కు. ఆస్తి బదిలీ చట్టం 1882లో సెక్షన్ 108(బి)(ఇ) అని ఒకటుంది. అగ్నిప్రమాదం, తుఫాను, వరద, సైన్యం లేదా అల్లరిమూక దౌర్జన్యం, ఎదురు నిలవలేని మరే శక్తివల్లనైనా ఆస్తిలో ముఖ్య భాగం పూర్తిగా నాశనమైతే, లేదా అద్దెకు తీసుకున్న పనికి గణనీయంగా, శాశ్వతంగా పనికిరాకుండా పోతే, అద్దెదారు ఆ కౌలును రద్దు చేసుకోవచ్చు. ఇక్కడ ‘శాశ్వతంగా’ అన్న మాట దగ్గరే అంతా తేలిపోతుంది. లాక్‌డౌన్‌లో గోడలు కూలలేదు, షట్టర్ మాత్రమే దిగింది.

మరి కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 56 సంగతేమిటి? నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదని అది చెబుతుంది. అయితే ఒకసారి ఆస్తిని స్వాధీనం చేసి కౌలు మొదలయ్యాక ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. దేశ విభజనవల్ల పాకిస్తాన్ వైపు ఉండిపోయిన సాగుభూమి కౌలు వ్యవహారం అది. విభజన నాటి కల్లోలంలోనే వర్తించనిది కరోనాలో వర్తిస్తుందని వాదించడం కష్టం.

అయినా ఆ వాదన వచ్చింది. ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లో 1975లో నెలకు రూ.300 అద్దెతో మొదలైన ఒక దుకాణం కేసు అది. ఖాళీ చేయాలని 2017లో ఉత్తర్వు వచ్చింది. అప్పీలు నడుస్తున్నంత కాలం నెలకు మూడున్నర లక్షలు కట్టాలని షరతు పెట్టారు. లాక్‌డౌన్ వచ్చాక ఆ చెల్లింపు ఆపాలని అద్దెదార్లు కోరారు. 2020 మే 21న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ తీర్పు ఇచ్చారు. దాని సారం ఇది: ఒప్పందంలో విపత్తు షరతు ఉంటే దాని ప్రకారం నడవాలి, లేకపోతే ఆస్తి బదిలీ చట్టం ప్రకారం. తాత్కాలికంగా వాడుకోలేకపోవడం అద్దె మాఫీకి కారణం కాదు. ఆ అద్దెదార్లకు మాఫీ దొరకలేదు గానీ, కట్టడానికి కొంత వ్యవధి దొరికింది.

ఢిల్లీ హైకోర్టు తీర్పుకు ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కట్టుబడి ఉండాల్సిన పని లేదు, గౌరవంతో పరిశీలిస్తుంది. 1968 నాటి సుప్రీంకోర్టు తీర్పుకు మాత్రం దేశంలోని ప్రతి కోర్టూ కట్టుబడాలి. వార్తల్లో ‘కోర్టు తీర్పు’ అని చూసినప్పుడు అది ఏ కోర్టో గమనించడం అందుకే అవసరం.

నోటి మాట బరువు

పై చర్చంతా చదివి యజమానులు సంతోషించవచ్చు. కాస్త ఆగాలి. అదే కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 63 ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. రావలసిన బాకీని పూర్తిగా గానీ, కొంత గానీ వదులుకోవడానికి, గడువు పెంచడానికి, బదులుగా మరొకటి తీసుకుని సరిపెట్టుకోవడానికి బాకీదారుకు అప్పిచ్చినవాడు ఒప్పుకోవచ్చు. అలా వదులుకున్నందుకు ప్రతిఫలం ఏదీ అందనక్కర్లేదు. చట్టంలోనే ఉదాహరణ ఉంది: ఐదు వేలు రావలసినవాడు మొత్తం బాకీ కింద రెండు వేలు పుచ్చుకుంటే బాకీ అంతా తీరినట్టే.

ఇప్పుడు మన ఉదాహరణకు వద్దాం. యజమాని "ఈ ఆరు నెలలు వదిలెయ్ బాబూ" అని ఉంటే అది మాఫీ. "కోర్టు తెరిచాక ఇద్దువుగాని" అని ఉంటే గడువు పెంపు. ‘తర్వాత చూద్దాంలే’ ఈ రెండిటి మధ్యలో వేలాడుతుంది. అసలు ఇబ్బంది సగం అద్దె పుచ్చుకున్న చోట వస్తుంది. జులైలో కుర్రాడు ఆరు వేలు ఇచ్చాడు, యజమాని ‘జులై అద్దె ముట్టింది’ అని రశీదు రాశారు. అది జులై అద్దె మొత్తానికి సరిపెట్టుకున్నట్టా, కొంత జమ చేసుకున్నట్టా? ‘జులై అద్దెలో రూ.6,000 జమ, రూ.6,000 బాకీ’ అని రాస్తే ఈ ప్రశ్నే ఉండదు. ఒక్క వాక్యం తేడా. సాక్షులతో, ప్రమాణాలతో కోర్టులో నడిచే రోజుల ఖరీదు ఆ వాక్యం కంటే చాలా ఎక్కువ.

ఆదాయపు పన్ను వైపు నుంచి చూస్తే యజమాని మంచితనానికి ఇంకో చిక్కు ఉంది. రాని అద్దెను ఆదాయంలోంచి తీసివేయాలంటే, కరోనా నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో రూల్ 4 కొన్ని షరతులు పెట్టింది. అద్దెదారు ఖాళీ చేసి ఉండాలి, లేదా ఖాళీ చేయించడానికి చర్య మొదలై ఉండాలి. బాకీ వసూలుకు చట్టప్రకారం తగిన ప్రయత్నం చేసి ఉండాలి, లేదా ఆ ప్రయత్నం వృథా అని అధికారికి నచ్చజెప్పాలి. కుర్రాణ్ని గదిలోనే ఉంచి, బాకీని వాయిదా వేసిన యజమాని చేతికి డబ్బు రాకుండానే ఆ అద్దె ఆయన ఆదాయంలో చేరే అవకాశం ఉందన్నమాట. కాగితం మీద ఒప్పుకుని ఆ నెలల అద్దెనే తగ్గించి ఉంటే లెక్క వేరుగా వేయాల్సి వస్తుంది. ఇలాంటిచోట రిటర్ను వేసే ముందే ఆడిటరుతో మాట్లాడటం మంచిది.

టీడీఎస్ తగ్గింపు కూడా అప్పట్లో పెద్ద ఊరటగా ప్రచారమైంది. 2020 మే 14 నుంచి 2021 మార్చి 31 వరకు అద్దెపై పది శాతం కోత ఏడున్నర శాతానికి తగ్గింది. తగ్గింది ముందుగా పట్టుకునే మొత్తమే, కట్టాల్సిన పన్ను కాదు.

మారటోరియం లెక్క

ఇక మన బ్యాంకుల వంతు. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మార్చి 1 నుంచి మే 31 వరకు వచ్చే వాయిదాలపై మూడు నెలల మారటోరియం ఇవ్వడానికి బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. మే నెలలో దాన్ని ఆగస్టు 31 వరకు పొడిగించింది. ఆ కాలంలో కట్టకపోవడం రుణ చరిత్రను దెబ్బతీయదని కూడా చెప్పింది. అద్దె రాని యజమాని మారటోరియం తీసుకున్నారు. వాయిదా కట్టలేదు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది.

వడ్డీ మీద వడ్డీ వేయడం న్యాయమా అన్న వాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేంద్రం 2020 అక్టోబర్ 23న ఒక పథకం ప్రకటించింది. రెండు కోట్ల లోపు రుణాలకు మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు చక్రవడ్డీకి, సాధారణ వడ్డీకి మధ్య ఉన్న తేడాను ఖాతాల్లో జమ చేశారు. మారటోరియం తీసుకోనివాళ్లకు కూడా వచ్చింది. చిన్న పరిశ్రమల సంఘం ఒకటి వేసిన కేసుతో సహా పిటిషన్లన్నిటిపై సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తీర్పు చెప్పింది. ఆ కాలానికి వడ్డీపై వడ్డీ, అపరాధ వడ్డీ ఏ రుణానికైనా సరే వసూలు చేయరాదంది. వడ్డీ మొత్తం మాఫీ చేయడానికి మాత్రం ఒప్పుకోలేదు.

పది లక్షల మీద ఇదెంతో చూద్దాం. 9 శాతంతో ఆరు నెలల సాధారణ వడ్డీ రూ.45,000. నెలనెలా వడ్డీ కలుపుతూ పోతే సుమారు రూ.45,852. తేడా రూ.852. దేశమంతా నెలల తరబడి చర్చించిన ‘వడ్డీ మీద వడ్డీ’ మన ఉదాహరణలో ఇంతే.

అసలు భారం వేరేచోట ఉంది. యజమాని అప్పు తీసుకున్న కొత్తలోనే ఈ మారటోరియం వచ్చిందనుకుందాం. ఆ నలభై ఐదు వేలు అసలులో కలిసి, వాయిదా మొత్తం మారకుండా రూ.12,668గానే ఉంటే, 120 వాయిదాల్లో తీరాల్సిన అప్పుకు 129 పైచిలుకు వాయిదాలు కావాలి. అంటే తొమ్మిది వాయిదాలు అదనం, లక్షా పదహారు వేల రూపాయల దాకా. తిరిగి వచ్చిన రూ.852 పోను మిగిలింది అంతా యజమానిదే. అప్పు చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు ఈ భారం చాలా తక్కువ, ఎందుకంటే అప్పటికి వడ్డీ వేయడానికి మిగిలిన అసలు కొద్దిగానే ఉంటుంది. ‘మారటోరియం తీసుకోవచ్చా?’ అని అప్పట్లో అడిగినవాళ్లందరికీ ఒకే జవాబు సరిపోకపోవడానికి కారణం ఇదే. పొదుపు ఖాతాలో ఆరు వాయిదాల డబ్బు ఉండి కూడా ‘అందరూ తీసుకుంటున్నారు గదా’ అని తీసుకున్నవాళ్లే ఇందులో ఎక్కువ నష్టపోయారని నా అభిప్రాయం. అద్దె ఆగి నిజంగా చేతిలో డబ్బు లేనివాళ్లకు అది అవసరమైన ఊపిరే.

రెండో ఉద్ధృతి వచ్చిన 2021లో అందరికీ ఒకేసారి మారటోరియం ఇవ్వలేదు. మే 5న రిజర్వు బ్యాంకు రెండో పరిష్కార విధానం ప్రకటించింది. వ్యక్తులు, చిన్న వ్యాపారులు తామే అడిగి, సెప్టెంబర్ 30 లోగా ప్రక్రియ మొదలయ్యేలా చూసుకోవాలి. బ్యాంకు పరిశీలించి రెండేళ్లకు మించకుండా వెసులుబాటు ఇవ్వవచ్చు. మొదటిసారి తలుపు దానంతట అది తెరుచుకుంది కాబట్టి రెండోసారీ తెరుచుకుంటుందని కూర్చున్నవాళ్లకు ఆ గడువు దాటిపోయింది.

షాపు కుర్రాడికి దొరికినవి

చిన్న వ్యాపారానికి వచ్చిన పెద్ద సాయం అత్యవసర రుణ గ్యారంటీ పథకం. 2020 మేలో ప్రకటించారు. ఫిబ్రవరి 29 నాటికి ఉన్న రుణ బాకీలో 20 శాతం వరకు అదనపు రుణం, నాలుగేళ్ల గడువు, అందులో మొదటి ఏడాది అసలు కట్టనక్కర్లేదు, బ్యాంకుల వడ్డీ 9.25 శాతం మించకూడదు, కొత్త తాకట్టు అక్కర్లేదు. ముద్ర రుణం తీసుకున్నవాళ్లూ అర్హులే. మూడు లక్షల బాకీ ఉన్న మన కుర్రాడికి అరవై వేలు వస్తాయి. ఆరు నెలల అద్దె బాకీ డెబ్బై రెండు వేలు. దాదాపు సరిపోతుంది. కాకపోతే వడ్డీ లేని అద్దె బాకీని తీర్చి, వడ్డీ ఉన్న బ్యాంకు బాకీని నెత్తికెత్తుకున్నట్టవుతుంది. ఆ డబ్బుతో కొత్త ప్రింటర్ కొంటే మేలా, అంకుల్‌జీకి ఇస్తే మేలా అన్నది అతను తేల్చుకోవాల్సిన విషయం.

ఈ పథకం పేరులోని ‘గ్యారంటీ’ చాలామందిని తప్పుదారి పట్టించింది. ‘ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది గదా, ఇక కట్టేదేముంది’ అన్న మాట కౌంటర్ దగ్గర విన్నవాళ్లు మనలో ఉంటారు. నూరు శాతం గ్యారంటీ ఇచ్చింది బ్యాంకుకు, రుణగ్రహీతకు కాదు. అప్పు అప్పుగానే ఉంటుంది.

కోర్టు గేటు ముందు టీ బండివాడికి వేరే పథకం. 2020 జూన్ 1న వచ్చిన పీఎం స్వనిధి కింద వీధి వ్యాపారికి అప్పట్లో పదివేల రూపాయలు, ఏడాది గడువు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. అది పట్టణ ప్రాంతాల పథకం. బోద్రీ అప్పట్లో నగర పంచాయతీ కనుక అక్కడివాళ్లకు వర్తించింది.

2020 జులై 1 నుంచి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల నిర్వచనం మారి, ఉద్యమ్ నమోదు మొదలైంది. జిరాక్స్ షాపు సేవ కిందికి వస్తుంది కనుక నమోదుకు అర్హమే. పక్కనున్న కిరాణా కొట్టు వ్యాపారం కిందికి వస్తుంది. చిల్లర, టోకు వ్యాపారులను ఇందులోకి చేర్చింది 2021 జులై 2న, అదీ ప్రాధాన్య రంగ రుణాల వరకే. దివాలా చట్టంలోనూ 2020 మార్చి 25 నుంచి ఏడాదిపాటు వచ్చిన ఎగవేతలపై కంపెనీలను దివాలా ప్రక్రియకు ఈడ్చకుండా సెక్షన్ 10ఎ తెచ్చారు. అది కంపెనీలకు సంబంధించినది, మన కుర్రాడి సొంత షాపుకు కాదు. కంపెనీల విషయంలో కూడా ఆ తలుపు మూసుకుందే తప్ప బాకీ చెరిగిపోలేదు.

దావాకు గడువు ఎప్పటిదాకా?

అద్దె బాకీకి దావా వేయాలంటే కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్లు. 2020 ఏప్రిల్ 5న రావలసిన అద్దెకు మామూలుగా 2023 ఏప్రిల్‌తో గడువు ముగియాలి. అయితే సుప్రీంకోర్టు 2020 మార్చి 23న తనంతట తానే కేసు చేపట్టి కాలపరిమితులను పొడిగించింది. 2022 జనవరి 10 నాటి చివరి ఉత్తర్వు ప్రకారం 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయాలి. అంటే మన ఏప్రిల్ అద్దెకు మూడేళ్ల గడియారం 2022 మార్చి 1న కదలడం మొదలుపెట్టి 2025 ఫిబ్రవరి చివర ఆగుతుంది. ‘మూడేళ్లు దాటింది, ఇక అడగలేవు’ అని 2023లో చెప్పినవాళ్లూ పొరబడ్డారు, ‘కరోనా బాకీకి గడువే లేదు’ అన్నవాళ్లూ పొరబడ్డారు.

గడువు లోపల అద్దెదారు ‘ఇంత బాకీ ఉన్నాను’ అని కాగితం మీద రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. మన శాఖల్లో రుణ ఖాతాలకు బాకీ ఒప్పుకోలు పత్రాలు తీసుకునేది ఈ సూత్రం మీదే. ఇంటి అద్దెకూ అది పనిచేస్తుందని చాలామందికి తట్టదు.

తగాదా ముదిరితే ఎక్కడికి?

ఛత్తీస్‌గఢ్‌లో 1961 నాటి పాత చట్టం స్థానంలో అద్దె నియంత్రణ చట్టం 2011 వచ్చింది. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని ఇది చెబుతుంది. డిప్యూటీ కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి అద్దె నియంత్రణాధికారిగా ఉంటారు, ఆపైన రాయ్‌పూర్‌లో ట్రిబ్యునల్. అలవాటుగా అద్దె ఎగవేయడం ఖాళీ చేయించడానికి ఒక కారణం. కారణం చెప్పకుండానే ఆరు నెలల రాతపూర్వక నోటీసుతో ఖాళీ కోరే హక్కు కూడా యజమానికి ఉంది. కానీ ఆ తర్వాత పన్నెండు నెలలపాటు అంతకంటే ఎక్కువ అద్దెకు ఇవ్వకూడదు. కరోనాలో ఖాళీ చేయించి, కోర్టు తెరవగానే రెట్టింపు అద్దెకు ఇద్దామనుకునేవారికి ఇది అడ్డుకట్ట.

ఈ చట్టానికి ఒక విచిత్రమైన మలుపు ఉంది. ట్రిబ్యునల్ తీర్పుపై అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లాలని అందులో రాశారు. అంటే బోద్రీలో హైకోర్టు గోడకు ఆనుకుని ఉన్న గది కిరాయి తగాదా అయినా ఢిల్లీ వెళ్లాల్సిందే! సుప్రీంకోర్టుకు అప్పీళ్లు పంపే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని 2019 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. అప్పటి నుంచి ట్రిబ్యునల్ తీర్పు నచ్చనివారు రాజ్యాంగంలోని 227వ అధికరణ కింద హైకోర్టునే ఆశ్రయించాలి. కరోనా తగాదాలు పుట్టడానికి కొద్ది నెలల ముందే ఈ మార్పు వచ్చింది.

రైల్వే స్థలంలో లైసెన్సు మీద నడిచే దుకాణాలకు మాత్రం పైన చెప్పినదేదీ పట్టదు. ప్రభుత్వ ఆస్తులకు అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. అక్కడ 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం, ఎస్టేట్ ఆఫీసర్. రైల్వే పట్టణంలో ఒకే వీధిలో ఒకవైపు ఒక చట్టం, రెండోవైపు మరో చట్టం నడుస్తుంటాయి.

మాఫీ ఇచ్చిన చోట్లు

మాఫీని చట్టంలోనే రాసిన దేశాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2020 ఏప్రిల్ 7న ప్రకటించిన వాణిజ్య అద్దెల నియమావళి ప్రకారం, అర్హులైన చిన్న వ్యాపారుల అమ్మకాలు ఎంత శాతం పడిపోతే అద్దె అంత శాతం తగ్గాలి. అందులో కనీసం సగం పూర్తి మాఫీ, మిగతాది వాయిదా. నష్టాన్ని ఇద్దరూ పంచుకోవాలన్న ఆలోచన అది. బ్రిటన్ మొదట బాకీ కారణంగా దుకాణాలు ఖాళీ చేయించడాన్ని ఆపింది, 2022లో ప్రత్యేక చట్టం తెచ్చి తేలని బాకీలను మధ్యవర్తి నిర్ణయానికి పంపింది.

మన కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. విపత్తు సమయంలో అద్దె గడువు ముగిస్తే, అద్దెదారు కోరితే, విపత్తు తగ్గిన తర్వాత ఒక నెల వరకు పాత షరతులతోనే ఉండనివ్వాలని అందులో ఉంది. కానీ విపత్తుల జాబితాలో యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం, ఇతర ప్రకృతి వైపరీత్యాలు ఉన్నాయే గానీ మహమ్మారి అన్న మాట లేదు. రెండో ఉద్ధృతి ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో ఆమోదించిన పత్రంలో ఆ మాట లేకపోవడం ఆశ్చర్యమే. పైగా అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

కాబట్టి మాఫీ, వాయిదాల పంపకం ఏదైనా మన దగ్గర ఇద్దరూ కూర్చుని రాసుకోవాల్సిందే. కొత్త ఒప్పందం రాసేటప్పుడు ‘ప్రభుత్వ ఉత్తర్వువల్ల దుకాణం మూతపడితే’ అన్న షరతు ఒకటి చేర్చి, ఆ రోజులకు ఎంత అద్దెో, ఎప్పుడు కట్టాలో అంకెల్లో రాయవచ్చు. పదకొండు నెలల ఒప్పందంలోనైనా దీనికి చోటుంటుంది. ఏడాదికి మించిన కౌలైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పాత బాకీకి బోద్రీ యజమాని, షాపు కుర్రాడు రాసుకోగలిగిన కాగితం ఇలా ఉండవచ్చు:

‘2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు ఆరు నెలల అద్దె రూ.72,000. ఇందులో రూ.36,000ను యజమాని పూర్తిగా వదులుకున్నారు. మిగిలిన రూ.36,000 బాకీ ఉన్నట్టు అద్దెదారు ఒప్పుకుంటున్నారు. దీన్ని 2021 జనవరి నుంచి నెలకు రూ.3,000 చొప్పున పన్నెండు వాయిదాల్లో, వడ్డీ లేకుండా, నెల అద్దెతోపాటు చెల్లిస్తారు. అడ్వాన్సును ఈ బాకీలో సర్దుబాటు చేయడం లేదు. వరుసగా రెండు వాయిదాలు తప్పితే మిగిలిన బాకీ ఒకేసారి చెల్లించాలి.’

తేదీ, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. చెరొక ప్రతి. బాకీ వాయిదాకు, నెల అద్దెకు రశీదులు విడివిడిగా.